నర్సింగ్ తర్వాత లా చదివి ఆదివాసీ రాజకీయాల్లోకి వెళ్లడం కుదురుతుందా?

బీఎస్సీ నర్సింగ్ ఆఖరి ఏడాదిలో ఉన్నానని, తర్వాత లా చదివి ఆదివాసీల తరఫున రాజకీయాల్లోకి వెళ్లాలని ఉందని, ఇంట్లోవాళ్లు మాత్రం వీటికి పొంతనే లేదంటున్నారని రాశావు చెల్లెమ్మా. నేను ఆరేళ్లు పాడేరు ఏజెన్సీలో స్టాఫ్ నర్సుగా చేశాను. విశాఖకు బదిలీ అయ్యాక మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చదివాను. పొంతన ఉందమ్మా, నా కళ్లతో చూశాను.

ఒక వానాకాలంలో ఒకే పిల్లను మలేరియాతో మూడుసార్లు డోలీలో మోసుకొచ్చారు. మూడోసారికి హిమోగ్లోబిన్ ఆరుకు పడిపోయింది. తిండి సరిగా పెడుతున్నావా అని తల్లిని కసిరాను. ఆమె కొంగు ముడి విప్పి, ప్లాస్టిక్ కవర్లో మడిచిన స్టాంపు కాగితం చూపించింది. గెడ్డ పక్కన వరి పండే చెక్కను మైదానం నుంచి వచ్చిన షావుకారికి రాసిచ్చి, వేలిముద్ర వేసింది. ఇంట్లో బియ్యం లేకపోవడానికి కారణం అదే. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి రాసిచ్చినా చెల్లదని చెప్పే 1/70 చట్టం గురించి అప్పుడు నాకు తెలియదు. ఐరన్ మాత్రలిచ్చి పంపేశాను. తర్వాత లా క్లాసులో ఆ పాఠం విన్న రోజు ఏడుపాగలేదు.

ఇక నర్సింగ్ చదివి ఆదివాసీ రాజకీయాల్లోకి వెళ్లిన మనిషి బ్రెజిల్‌లో ఉన్నారు, సోనియా గ్వాజజారా. అడవి బిడ్డ. తల్లిదండ్రులకు చదువు లేదు. సాహిత్యంతోపాటు నర్సింగ్ చదివారు. ఆదివాసీ సంఘాల్లో ఏళ్లతరబడి పనిచేసి 2018లో దేశ ఉపాధ్యక్ష పదవికి పోటీ చేశారు. 2022లో ఎంపీగా గెలిచారు. 2023 జనవరిలో, కొత్తగా ఏర్పాటైన ఆదివాసీ ప్రజల శాఖకు తొలి మంత్రి అయ్యారు. ఆ నెలలోనే యానొమామి ఆదివాసీల ప్రాంతంలో అక్కడి ప్రభుత్వం ఆరోగ్య ఎమర్జెన్సీ ప్రకటించింది. మలేరియా, ఎముకలు తేలిన పిల్లలు. అక్కడ దొంగచాటుగా బంగారం తవ్వేవాళ్ల వల్ల నదుల్లో పాదరసం కలిసింది, తవ్విన గుంతల్లో దోమలు పెరిగాయి. డాక్టర్లను పంపడంతోపాటు తవ్వేవాళ్లను ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఆ వార్తలు చదువుతుంటే నాకు ఆ కొంగు ముడే గుర్తొచ్చింది.

సోనియా లాయరు కాదు. కోర్టు వైపు పోరాటం చేసినామె జొయేనియా వపిషానా. బ్రెజిల్ ఆదివాసీ మహిళల్లో తొలి లాయరు ఆమే. 2008లో తమ భూమి కేసులో సుప్రీంకోర్టు ముందు నిలబడి వాదించారు. 2018లో ఎంపీగా గెలిచారు. మన దగ్గర సీతక్క గారు అడవి నుంచి బయటికొచ్చాక లా చదివారు, ఎమ్మెల్యేగా ఉంటూనే గొత్తికోయల మీద పీహెచ్‌డీ చేశారు, 2023లో మంత్రి అయ్యారు.

నీ విషయానికొస్తే, బీఎస్సీ డిగ్రీయే కాబట్టి లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల కోర్సులో చేరొచ్చు. జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా మాత్రమే ఉంటే అది కుదరదు. హాజరు తప్పనిసరి. నేను నైట్ డ్యూటీలు అడిగి వేయించుకుని, పొద్దున దిగి అట్నుంచటే కాలేజీకి వెళ్లేదాన్ని. నిద్ర కరువై ఒళ్లు గుల్లయింది, అది దాచను. ఇంకొకటి, జీతం ఉద్యోగంలో ఉంటూ లాయరుగా ప్రాక్టీసు చేయకూడదు. ప్రభుత్వ ఉద్యోగం మానకుండా ఎన్నికల్లో నిలబడకూడదు. పిల్లల ఫీజులున్నాయని నేనింకా ఉద్యోగంలోనే ఉన్నాను, సెలవు రోజుల్లో ఊళ్లకు వెళ్లి కాగితాలు చదివిపెడుతున్నాను. నువ్వు ఉద్యోగంలో చేరకముందే లాసెట్ రాసెయ్యి.