బీపీఏ ఫ్రీ పాలసీసా అయినా మరిగిస్తే కెమికల్స్ దిగుతాయా?

బీపీఏ ఫ్రీ సీసానే కొన్నాం, అయినా రోజూ మరిగిస్తుంటే పాలల్లోకి ఏమైనా దిగుతుందేమో అని అడిగారు కదండీ. నాకూ పాలు చాలక మా పాపకి రెండో నెల నుంచే డబ్బా పాలు పట్టాం, మీ భయం నాకు తెలుసు.

బీపీఏ అనేది ఒక కెమికల్, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్ సీసాల్లో ఉండేదండీ, గాజులా మెరుస్తూ గట్టిగా ఉండేవి. వేడి తగిలితే దిగేది, హార్మోన్లని దెబ్బతీస్తుందేమోనని యూరప్‌లో 2011లో పాలసీసాల్లో ఆపేశారు, అమెరికాలో కంపెనీలే వాడటం మానేశాక 2012లో అనుమతి తీసేశారు, మన బీఐఎస్ (ఐఎస్ఐ మార్కు ఇచ్చే ప్రమాణాల సంస్థ) కూడా 2015లో వద్దంది. ఇప్పుడొచ్చేవి ఎక్కువగా పాలీప్రొపిలీన్ అనే వేరే ప్లాస్టిక్‌వి, కొంచెం మసకగా ఉంటాయి, అడుగున త్రికోణంలో 5 అని ఉంటుంది. 7 ఉంటే నేనైతే కొనను, పాలీకార్బొనేట్ కూడా ఆ అంకె కిందే వస్తుంది, ఐఎస్ఐ మార్కు లేకపోతే అసలే వద్దు, మన చట్టం ప్రకారం పాలసీసాకి ఆ మార్కు ఉండి తీరాలి.

కానీ బీపీఏ పోయినంత మాత్రాన అయిపోలేదు. 2020లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ వాళ్ళు ఈ పాలీప్రొపిలీన్ సీసాల్నే పరీక్షిస్తే లీటరుకి 1.6 కోట్ల దాకా ప్లాస్టిక్ రేణువులు వచ్చాయి, నీళ్ళు ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ, గిలకొడితే ఇంకా ఎక్కువ. దానివల్ల పిల్లలకి ఫలానా హాని అని సైన్సు ఇంకా తేల్చలేదు, అయినా తగ్గించుకునే దారి ఉన్నప్పుడు ఎందుకు వదలాలి?

మేం చేసింది ఇదీ. సీసా మరిగించాక, విడిగా స్టీల్ గిన్నెలో కాచి చల్లార్చిన నీళ్ళతో రెండుమూడు సార్లు కడిగేవాళ్ళం. పాలు మాత్రం స్టీల్ గ్లాసులోనే కలిపి, గోరువెచ్చగా అయ్యాకే సీసాలో పోసేవాళ్ళం, ఓవెన్‌లో సీసా పెట్టడం అస్సలు లేదు. లోపల గీతలు పడితే ఆ సీసా పక్కన పడేయడమే. పగలైతే మా అమ్మ ఉగ్గుగిన్నెతోనే పట్టేసేది, కొంచెం ఓపిక కావాలి గానీ ప్లాస్టిక్ గొడవే లేదు.

ఒక్కటి మాత్రం దయచేసి వినండి, ఈ భయంతో చల్లనీళ్ళలో పొడి కలపడం, మరిగించడం మానేయడం చెయ్యొద్దు. డబ్బా పాలపొడిలో కూడా క్రిములు ఉండొచ్చు, అందుకే కాచిన నీళ్ళు 70 డిగ్రీలకి తగ్గకముందే కలపమని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తుంది. ఆ వేడంతా స్టీల్లోనే జరగనివ్వండి.