ఫ్రీసెల్ నేర్చుకుంటానన్న మనవరాలికి

నల్లగొండ

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఈ సెలవుల్లో ఫ్రీసెల్ పట్టుబట్టి నేర్చుకుంటానన్నావట. అండూ నొక్కి వేసిన ఎత్తు వెనక్కి తీసుకోకుండా వరుసగా యాభై ఆటలు గెలవాలని పెట్టుకున్నావట. "నాయినా, దానికి నువ్వే నేర్పు" అంది మీ అమ్మ. ఆ మాట ఆమె నోటి నుంచి వస్తుందని నేను అనుకోలేదు. ఎందుకో తర్వాత చెబుతాను. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు, పొద్దున్నే లేచి రాస్తున్నాను.

నాకు గర్వంగా ఉంది బిడ్డా. పత్తాలాటలు ఎన్నో ఉంటే నువ్వు దీన్ని ఎంచుకున్నావు. ఇందులో మూసి ఉన్న ముక్క ఒక్కటీ ఉండదు. యాభై రెండు ముక్కలూ మొదటి క్షణం నుంచీ కళ్ల ముందే ఉంటాయి. ఏడేసి ముక్కల వరుసలు నాలుగు, ఆరేసి ముక్కలవి నాలుగు. ఒకే గుర్తు ముక్కలను దిగువకు పేర్చే పాత ఆట ఒకటి ఉండేది. 1978లో పాల్ ఆల్ఫిల్ అనే ఆయన ఎరుపు మీద నలుపు, నలుపు మీద ఎరుపు పేర్చేలా దాన్ని మార్చి కంప్యూటర్‌లో పెట్టాడు. ఆ ఒక్క మార్పుతో దాదాపు ప్రతి ఆటా గెలవదగ్గది అయింది.

ఫోన్‌లో మాత్రం నేర్చుకోకు. ఆట మధ్యలో ప్రకటనలు వస్తాయి, వాటి వెనక డబ్బుల రమ్మీ వస్తుంది. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీని 2017లోనే నిషేధించారు, 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆపుతూ చట్టం తెచ్చింది. అయినా నా భయం పోదు. మా ఊళ్లో దసరాకు మూడు ముక్కలాటకు కూర్చుని, బత్తాయి తోట మీద వచ్చిన డబ్బంతా ఒక్క రాత్రిలో పోగొట్టుకున్న మనిషిని చూశాను. తెల్లారి ఆయన భార్య ఎవరితోనూ మాట్లాడకుండా బర్రెలకు గడ్డి వేసింది. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. అందుకే నీ ఫోన్‌లో పత్తాల బొమ్మ ఉన్న ఏ యాప్ ఉన్నా ఈ రోజే తీసెయ్. దీని మీద వాదన వద్దు. నిజం ముక్కలు పరిచి నేర్చుకో.

నియమాలు నీకు తెలిసే ఉంటాయి. ఆసు నుంచి రాజు దాకా ఒక్కో గుర్తును దాని ఇంటికి చేర్చాలి, అంతే.

ముక్కలు పరచగానే చెయ్యి పెట్టకు. ఐదు నిమిషాలు చూడు. ఆసులు ఎక్కడున్నాయి, రెండ్లు ఎక్కడున్నాయి, వాటి మీద ఎన్ని ముక్కలున్నాయి? ఏ వరుసను ముందు తవ్వాలో అప్పుడు తెలుస్తుంది.

పక్కన ఒక్కో ముక్కను దాచుకోను నాలుగు గళ్లుంటాయి కదా, ఆ ఖాళీ గళ్ల లెక్క చెబుతా విను. నాలుగు గళ్లూ ఖాళీగా ఉంటే రంగు మార్చి క్రమంలో పేర్చిన ఐదు ముక్కలను ఒకేసారి జరపగలవు. మూడే ఖాళీ అయితే నాలుగు ముక్కలు. గళ్లన్నీ నిండితే ఒక్కటంటే ఒక్కటే. అదే ఒక నిలువు వరుస పూర్తిగా ఖాళీ అయితే ఈ లెక్క రెట్టింపు అవుతుంది, నాలుగు గళ్లతో కలిసి పది ముక్కలు జరుగుతాయి. అందుకని గడి కంటే ఖాళీ వరుస విలువైనది. వరుస ఖాళీ అవగానే రాజును తెచ్చి కూర్చోబెట్టాలని చేతులు ఊరుకోవు. ఆగు. రాజును కదిపితే దాని కింద నీకు కావలసిన ముక్క దొరుకుతుందా, చూసుకో. గడిలో ఏ ముక్కనైనా పెట్టేముందు, దాన్ని మళ్లీ బయటికి తెచ్చే ముక్క ఏదో పేరు పెట్టి చెప్పు. చెప్పలేకపోతే పెట్టకు. ఇంటికి పంపడంలో కూడా తొందర వద్దు. కళావరు ఐదును, ఇస్పేటు ఐదును పంపేశావనుకో, తర్వాత ఎర్ర నాలుగు వస్తే దాన్ని ఎక్కడ కూర్చోబెడతావు?

ఇవన్నీ నెల రోజుల్లో నీకే వస్తాయి. నువ్వు నాకంటే చురుకైనదానివి. నా భయం వేరే.

1997లో మా ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చాయి. మౌస్ పట్టుకుంటే నా చెయ్యి వణికేది. ముక్కలు లాగి పెట్టే ఆటలు ఆడితే చెయ్యి తిరుగుతుందని నేర్పడానికి వచ్చినాయన చెప్పాడు. విండోస్ 95లో ఫ్రీసెల్ ఉండేది. ఆటలకు 1 నుంచి 32,000 వరకు నంబర్లుండేవి. ఒక నంబరు కొడితే ఎప్పుడైనా అవే ముక్కలు, అదే అమరికలో వస్తాయి. రోజూ మధ్యాహ్నం డబ్బా తిన్నాక ఆడేవాడిని. రెండు నెలల్లో ఆఫీసులో నన్ను మించినవాళ్లు లేరనిపించుకున్నాను. అప్పుడు తోటి ఉద్యోగి ఒకాయన "11982 కొట్టి చూడండి సార్" అన్నాడు.

మూడు ఆసులు మూడు వరుసల అట్టడుగున, నాలుగోది వేరే వరుసలో అడుగు నుంచి రెండోది. ఎటు తవ్వినా గళ్లు నిండిపోయేవి. ఆటతో పాటు ఇచ్చిన హెల్ప్‌లో ప్రతి ఆటా గెలవవచ్చని నమ్ముతున్నారు, రుజువు మాత్రం కాలేదు అని రాసి ఉండేది. నేను మొదటి సగమే పట్టుకున్నాను. ఆ అమరికను నోట్‌బుక్‌లో రాసుకుని ఇంటికి తెచ్చి, రాత్రిళ్లు చాప మీద ముక్కలు పరిచేవాడిని. అన్నం పిలుపు వినపడేది కాదు. ఎన్ని నెలలు అలా గడిచాయో మీ అమ్మమ్మ ఉంటే చెప్పేది. ఓడిన ప్రతిసారీ తప్పు నాలోనే ఉందనుకున్నాను.

మీ అమ్మ అప్పుడు ఏడో తరగతి. లెక్కల పుస్తకం పట్టుకుని వచ్చి పక్కన కూర్చునేది, నేను "ఆగు బిడ్డా, ఒక్క నిమిషం" అనేవాడిని. కూర్చుని కూర్చుని ఆట ఆమెకూ అర్థమైంది. ఒక రాత్రి చెయ్యి చాపి, డైమను రాణిని తీసి కళావరు రాజు మీద పెట్టి నా ముఖం చూసింది. ఆ అమరికలో ఎవరైనా మొదట చూసే ఎత్తు అది. నేను వంద సార్లు వేసిందే. మెచ్చుకుంటాననుకుంది. నేను చెంప మీద కొట్టాను.

ముక్కను తీసి మళ్లీ మొదటి చోట పెడితే సరిపోయేది. అంతకంటే ఏమీ పోలేదు. మీ అమ్మ ఏడవలేదు. పుస్తకం తీసుకుని లోపలికి పోయింది. మీ అమ్మమ్మ వచ్చి, ముక్కలు ఉండగానే చాపను చుట్టి మూలన నిలబెట్టింది. ఆ రోజు నుంచి మీ అమ్మ పత్తాలు ముట్టలేదు, లెక్కల పుస్తకం కూడా నా దగ్గరికి తేలేదు.

2004లో క్లాక్ టవర్ దగ్గర ఒక నెట్ సెంటర్‌లో కూర్చుని ఆ నంబరు కొట్టి వెతికాను. డేవ్ రింగ్ అనే ఆయన 1994లో ఇంటర్నెట్‌లో చాలామందిని కూడగట్టి, 32,000 ఆటలనూ పంచి ఆడించాడట. 1995 కల్లా ఒక్కటి తప్ప అన్నీ గెలిచారు. ఆ ఒక్కటే 11982. తర్వాత కంప్యూటర్ ప్రోగ్రాములతో వెతికించినా దారి దొరకలేదు. నేను చాప పరిచేనాటికే అది గెలవలేని ఆటని లోకానికి తెలుసు. ఇంటికి వెళ్లి మీ అమ్మకు చెబుదామనుకున్నాను. అప్పటికి ఆమె పెళ్లి పనులు నడుస్తున్నాయి. నోరు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

కాబట్టి విను. ఏ అమరిక అయినా మూడుసార్లు ప్రయత్నించు. మూడోసారి ఓడితే ముక్కలు కలిపేసి లే. తప్పు నీదా, ఆటదా అన్నది ఆ రాత్రే తేలక్కర్లేదు. నీ రూమ్‌మేట్ ఏదైనా అడిగితే "ఒక్క నిమిషం" అనకు. వరుసగా యాభై గెలవాలన్న పట్టు నీలో చూస్తే నాకు నేనే కనిపిస్తున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. నలభై తొమ్మిది దగ్గర ఆట పోయినా అన్నం మానకు. అద్దాలు మార్పించుకున్నావా? చీకట్లో చదివితే ఊరుకోను.

వచ్చే ఆదివారం మీ అమ్మను తీసుకుని రా. పాలమూరు నుంచి దేవరకొండ మీదుగా వచ్చే బస్సు పొద్దున్నే ఎక్కండి, ఎండ ముదరకముందే దిగుతారు. బత్తాయిలు తెప్పించి పెడతాను. కొత్త పేక ఒకటి కొన్నాను. పాత చాప ఇంకా ఉంది, అంచులు చిరిగాయి కానీ ముక్కలకు సరిపోతుంది. మొదట 11982నే పరుస్తాను. నోట్‌బుక్ చూడక్కర్లేదు, నాకు నోటికి వచ్చు. డైమను రాణిని మీ అమ్మ చేతికి ఇస్తాను, ఎక్కడ పెడుతుందో పెట్టనీ.

పైలం బిడ్డా.

మీ తాత