జోకుల్ని ఆపకు, ఆటలోకి లాక్కో

అమ్మలూ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. ఆదివారాలు డాబా మీద ఆట మొదలుపెట్టామన్నావు, ఐదుగురు వస్తున్నారన్నావు. నాకు ఎంత సంతోషమో చెప్పలేను. పర్లాకిమిడిలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నారని, ఆ ఆట నడిపేది మా అక్క కూతురని ఇక్కడ వైజాగ్‌లో మా ఆటవాళ్లందరికీ చెప్పేశాను. ఇక నీ ప్రశ్న. "పిన్నీ, వీళ్లు ఆడట్లేదు. వచ్చిన దగ్గర్నుంచి ఒకర్నొకరు ఆటపట్టించుకోవడమే. గోబ్లిన్ రాక్షసుడు కత్తి దూసినా నవ్వుతారు. ఎలా ఆపాలి?"

ఆపొద్దు.

ఈ ఆటకి బోర్డు లేదు, పావులు ఉండి తీరాలని లేదు. ఉన్నదల్లా మాటే. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు ఒక్కో క్యారెక్టర్‌గా మాట్లాడతారు, ఏమవుతుందో తేలని చోట డైస్ వేస్తారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను అచ్చువేశారు. అంతకుముందు వాళ్లు ఆడినవి యుద్ధాల ఆటలు. బల్ల మీద సైనికుల బొమ్మలు పేర్చి, ఒక్కొక్కరు ఒక్కో దళాన్ని నడిపేవాళ్లు. వీళ్లు చేసిన పెద్ద మార్పు, దళం తీసేసి ఒక్కొక్కరికి ఒక్క మనిషిని ఇవ్వడం. ఆ మనిషికి పేరుంది, పొగరుంది, పిరికితనం ఉంది. అలాంటి మనిషి చేతికి దొరికాక, పక్కనే నలుగురు స్నేహితులు కూర్చున్నాక, నోరు ఊరుకుంటుందా? వాళ్లు నవ్వుతున్నారంటే కథలో ఉన్నారని అర్థం. బెంగ పెట్టుకోవాల్సింది అందరూ నిశ్శబ్దంగా ఫోన్లు చూసుకుంటున్నప్పుడు. నీ డాబా మీద ఆ బాధ లేదు.

అయితే జోకుని గాలికి వదిలేయకూడదు. ఎవరైనా ఒక మాట విసిరి, నవ్వు కాస్త తగ్గాక, మామూలు గొంతుతో అడుగు: "ఇది నువ్వన్నావా, నీ క్యారెక్టర్ అన్నాడా?" మీ పాతపట్నం కుర్రాడు గోబ్లిన్‌ని చూసి "ఏటి బావా, టిఫినయ్యిందా?" అన్నాడని చెప్పావు. నువ్వు కోపంతో ఆ మాట విననట్టు దాటేశావు. ఈసారి అడుగు. "నేనే అన్నాను" అంటే సరే, నవ్వుకుని ముందుకెళ్లండి. "నా క్యారెక్టరే అన్నాడు" అంటే మాత్రం గోబ్లిన్ విన్నట్టే. ఇక ఆ గోబ్లిన్ ఏం చేస్తాడో నీ చేతుల్లో ఉంది. పొద్దున్నుంచి ఏమీ తినలేదని ఏడవొచ్చు. "ఎవడ్రా నీకు బావ" అని అరిచి గుహలో ఉన్న మిగతా వాళ్లందర్నీ లేపొచ్చు. లేదా బావ అన్నావు కాబట్టి మా చెల్లిని చేసుకోమని అక్కడికక్కడే సంబంధం మాట్లాడొచ్చు. ఆ చెల్లి పేరేంటి, ఆమెకి కత్తి పట్టడం వచ్చా, కట్నంగా ఏమడుగుతారు అని వాళ్లే నిన్ను ప్రశ్నలతో చంపుతారు. నువ్వు రాసుకొచ్చిన పోరాటం పోతే పోనీ. వచ్చే నెల వరకు సరిపడా కథ నీకు ఉచితంగా దొరికింది.

ఇలా నాలుగైదుసార్లు అడిగావంటే నీకే తేడా తెలుస్తుంది. వాళ్లు జోకు వేసేముందు ఒక్క క్షణం ఆలోచిస్తారు, ఎందుకంటే ఆ మాటకి కథలో విలువ ఉంది, ఫలితం ఉంది. జోకులు తగ్గవు, పదునెక్కుతాయి.

బరంపురం నుంచి వచ్చిన ఒడియా అమ్మాయి తన విజార్డ్, అంటే మంత్రగాడి క్యారెక్టర్ గురించి "నాకంటే సంతలో మేక గట్టిది" అందన్నావు కదా. నిజమే, మొదటి లెవెల్ విజార్డ్‌కి హిట్ పాయింట్లు, అంటే ప్రాణబలం లెక్క, మామూలుగా ఆరు నుంచి ఎనిమిది దాకానే ఉంటాయి. ఆ మేకని వదలకు. దానికి పేరు పెట్టించు, ఆ అమ్మాయి చేతే పెట్టించు. రెండు వారాల తర్వాత కొండదారిలో వాళ్లు తప్పిపోయినప్పుడు అదే మేక ఎదురుపడాలి. ఆట నడిపేవాళ్లు పక్కన ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని, బాగా నవ్వించిన మాటలు రాసుకోవాలి. నా నోట్‌బుక్‌లో రాక్షసుల లెక్కల కంటే అవే ఎక్కువ ఉంటాయి. 2014 నాటి ఐదో ఎడిషన్ రూల్స్‌లో ఇన్‌స్పిరేషన్ అని ఒకటి ఉంది, చూశావా? తన క్యారెక్టర్ స్వభావానికి తగ్గట్టు ఎవరైనా బాగా ఆడితే నువ్వు ఇచ్చే బహుమతి అది. దాంతో ఒకసారి ఇరవై ముఖాల డైస్ రెండు వేసి పెద్ద అంకె తీసుకోవచ్చు. క్యారెక్టర్ నోట పలికిన మంచి జోకుకి ధారాళంగా ఇవ్వు. జోకు బాగుంది కాబట్టి కాదు, ఆ మనిషి అలాగే అంటాడని అందరికీ అనిపించింది కాబట్టి.

డైస్ గొడవ గురించి చెప్పాలి. ఏ గుంపులోనైనా సగం మాటలు దాని మీదే నడుస్తాయి. అష్టాచెమ్మాలో మీ అమ్మమ్మ గవ్వల్ని గుప్పిట్లో మూసి, దేవుణ్ని తల్చుకుని, ఎదుటివాళ్లని నాలుగు మాటలని గానీ వేసేది కాదు. మీవాళ్లు ఇరవై ముఖాల డైస్‌ని ఊదడం, ఒకటి పడితే దాన్ని గ్లాసులో బోర్లించి జైల్లో పెట్టడం అదే పద్ధతి. పెట్టనీ. కానీ "నాకే ఎప్పుడూ ఒకటి పడుతుంది" అని ఎవరైనా నిజంగా మొహం మాడ్చుకుంటే లెక్క చెప్పు. ఒక్కసారి వేస్తే ఒకటి పడే అవకాశం 5 శాతం. ఒక సాయంత్రం ఒక మనిషి ఇరవైసార్లు వేస్తే కనీసం ఒక్కసారి ఒకటి పడే అవకాశం 64 శాతం. అంటే పడే అవకాశమే ఎక్కువ. రెండు డైస్ వేసి పెద్దది తీసుకునేటప్పుడు ఇరవై దొరికే అవకాశం 5 నుంచి దాదాపు 10 శాతానికి పెరుగుతుంది. ఇన్‌స్పిరేషన్ విలువ అప్పుడు వాళ్లకే అర్థమవుతుంది.

"ఇరవై పడింది, రాజుగారు కోట నా పేర రాసివ్వాల్సిందే" అని కూడా వాదిస్తారు. తప్పకుండా వాదిస్తారు. 2014 రూల్స్ ప్రకారం దెబ్బ వేసేటప్పుడు ఇరవై పడితే తగిలినట్టే, ఒకటి పడితే తప్పినట్టే. బతిమాలడానికి, తాళం తీయడానికి, గోడ ఎక్కడానికి వేసే డైస్‌కి ఆ నియమం లేదు. రాజు కోట ఇవ్వడు. అంత మంచి ఇరవై పడింది కాబట్టి ఆ తిక్క కోరికకి పగలబడి నవ్వి, కారాగారంలో వేయించకుండా రాత్రి విందుకి పిలుస్తాడు. అలా చెప్పు. వాళ్లు ఒప్పుకుంటారు, మళ్లీ వారం మళ్లీ అడుగుతారు. అడగనీ.

ఫోన్‌లో డైస్ యాప్ వద్దు. ఫోన్ చేతిలోకి వచ్చిందంటే వాట్సాప్ కూడా వచ్చినట్టే. డైస్ చాలనప్పుడు ఇరవై చీటీల మీద అంకెలు రాసి స్టీలు డబ్బాలో వేసి తీయండి. తీసిన చీటీ ప్రతిసారీ తిరిగి డబ్బాలో వేయాలి, లేకపోతే అవకాశాలు మారిపోతాయి. పుస్తకాలకి డబ్బు పెట్టకు. 2023 జనవరిలో ఐదో ఎడిషన్ మూల నియమాల్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉచితంగా విడుదల చేశారు, ఇప్పటికి మీకు అది చాలు.

నవ్వు ఆగాల్సిన చోటు ఉంటుంది. ఒక క్యారెక్టర్ హిట్ పాయింట్లు సున్నాకి పడిపోయి, ఆ పిల్లో పిల్లాడో తన వంతు వచ్చినప్పుడల్లా బతుకుతానా చస్తానా అని డైస్ వేస్తున్నప్పుడు. పది, ఆ పైన పడితే ఒక గెలుపు. మూడు గెలుపులొస్తే ప్రాణం నిలుస్తుంది, మూడుసార్లు తప్పితే పోతుంది. ఇరవై పడితే ఒక్క హిట్ పాయింట్‌తో లేచి కూర్చుంటాడు. ఆ సమయంలో "నవ్వొద్దు" అని అరవకు. నీ గొంతు తగ్గించు. ఒక్కొక్కర్నీ క్యారెక్టర్ పేరు పెట్టి అడుగు: "నీ పక్కన వాడు పడిపోయాడు. నీకేం కనిపిస్తోంది?" ముందు నీ మొహంలో ఆ భయం కనిపించాలి. వాళ్లు నిన్ను చూసే సర్దుకుంటారు. అప్పుడు ఇరవై పడిందనుకో, మీ డాబా మీద లేచే కేకకి వీధి చివర కుక్కలు కూడా లేస్తాయి. ఆ కేక కోసమే నేను ఇన్నేళ్లుగా ఈ ఆట నడుపుతున్నాను.

ఇంకో రకం నవ్వు ఉంది, దాన్ని మాత్రం తప్పకుండా ఆపాలి. క్యారెక్టర్ని వదిలేసి మనిషి మీదికి పోయేది. పాతపట్నం కుర్రాడికి ఒడియా సరిగ్గా రాదు, బరంపురం అమ్మాయి తెలుగులో ఒత్తులు జారిపోతాయి. మీ ఊళ్లో పుట్టినవాళ్లకి రెండూ వచ్చు కాబట్టి మీకు అది ఆటగా ఉంటుంది, వాళ్లకి ఉండదు. మొదటిసారి వాళ్లూ నవ్వుతారు. మూడోసారికి నోరు విప్పడం తగ్గిస్తారు, తర్వాత ఆదివారం పని ఉందంటారు. ఎవరైనా అలా అన్నప్పుడు అందరి ముందూ పంచాయతీ పెట్టకు, కథని టక్కున ముందుకి నడిపించు. మెట్లు దిగేటప్పుడు అన్నవాణ్ని పక్కకి పిలిచి చెప్పు. "తన భాష జోలికి మనం వెళ్లొద్దురా" అంటే చాలు, మీ వయసు పిల్లలకి అర్థమవుతుంది. అలాగే ఒక అట్టముక్క మీద ఇంటూ గుర్తు వేసి మధ్యలో పెట్టు. ఎవరికైనా ఏ విషయమైనా కష్టంగా ఉంటే దాన్ని ముట్టుకుంటారు, ఎందుకని అడక్కుండా ఆ ముక్క వదిలేసి ముందుకెళ్తారు. జాన్ స్టావ్రోపౌలోస్ అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతి, ఎక్స్ కార్డ్ అంటారు. ఇంట్లో పెద్దవాళ్ల జబ్బు, చావు లాంటివి మోస్తున్న పిల్లలు ఏ గుంపులోనైనా ఉంటారు. వాళ్లు నోటితో చెప్పరు.

నువ్వు చదివి వినిపించే వర్ణనలు కూడా విన్నాను. "అంధకారబంధురమైన ఆ గుహాంతరమున" అని మొదలుపెడితే ఎవరు మాత్రం నవ్వరు? గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు మీది. మనుషులు మాట్లాడే తెలుగే రాయాలని ఆయన పోరాడింది, సవర భాష మీద ఏళ్ల తరబడి పనిచేసింది అక్కడ ఉండగానే. ఆ ఊళ్లో కూర్చుని గుహకి గ్రాంథికం ఎందుకమ్మా? "లోపల చీకటి. తడి వాసన. ఏదో నమిలిన చప్పుడు." ఇంతే చెప్పు. గోబ్లిన్ సిక్కోలు యాసలో మాట్లాడనీ, సంతలో వ్యాపారి సగం ఒడియాలో బేరమాడనీ.

కథ కోసం ఇంగ్లిష్ కోటల దగ్గరికి పోవాల్సిన పని కూడా లేదు. 1900లో రాజావారు వేయించిన నౌపడా చిన్న రైలు ఉండేది, రాత్రిపూట ఆ రైల్లో ఒక పెట్టె మాయమైందని మొదలుపెట్టొచ్చు. బృందావన్ ప్యాలెస్‌కీ పాత కోటకీ మధ్య సొరంగం ఉందని ఊళ్లో చెప్పుకునే మాట ఉంది, అంతకంటే మంచి డంజన్, అంటే నేలకింది చీకటి కొట్టు, ఎక్కడ దొరుకుతుంది? పదిహేను వందల మీటర్ల మహేంద్రగిరి ఉంది, పైన భీముడి గుడి, కుంతి గుడి ఉన్నాయి. ఒక్క జాగ్రత్త తీసుకో. కొండమీది సవర ఊళ్లని రాక్షసుల ఊళ్లుగా పెట్టకు. అది నవ్వులాట కాదు, నీతో కాలేజీలో కూర్చునే పిల్లల ఇళ్లవి. డ్రాగన్ బొమ్మ దొరకలేదని బాధపడ్డావు. మీ ఊరి కొమ్ము పనివాళ్లు చేసిన కొంగ బొమ్మ మీ అమ్మ షోకేసులో ఉంది, అడిగి తెచ్చుకో. దాని నల్లటి మెడ చూస్తే ఏ డ్రాగనూ పనికిరాదు. ఆ కొంగ మీద వాళ్లు వేసే జోకులు కూడా నోట్‌బుక్‌లో రాసుకో.

వచ్చే ఆదివారం ఇలా చెయ్యి. మొదటి అరగంట ఆట ముట్టుకోకు. ముంత మిక్చర్ తినండి, కాలేజీ కబుర్లన్నీ కానివ్వండి, కడుపులో ఉన్నవన్నీ బయటికి రానీ. తర్వాత "పోయినవారం ఏం జరిగింది" అని చెప్పే పని అందరికంటే ఎక్కువ అల్లరి చేసేవాడికి అప్పగించు. అతను సగం కల్పించి చెప్తాడు, మిగతావాళ్లు సరిదిద్దడానికి పోట్లాడతారు, ఆ పోట్లాటలోనే అందరూ కథలోకి వచ్చేస్తారు. చీకటి పడకముందే ముగించు, బరంపురం అమ్మాయికి హాస్టల్ టైమ్ ఉంటుంది.

రెండు డైస్ సెట్లు మీ నాన్నతో పంపిస్తున్నాను, శనివారానికి అందుతాయి. ఒక్కోదాంట్లో ఏడుంటాయి. నీలం రంగుది నీకు, ఎరుపుది వాళ్లందరికీ. గోబ్లిన్ చెల్లి పేరు ఏం పెట్టారో నాకు ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పు.

మీ పిన్ని