అమ్మలూ, ఆ యాప్‌లను తోసెయ్యడం ఇక మానెయ్

అమ్మలూ,

నిన్న నా పక్కన కూర్చున్నంతసేపూ నిన్ను చూస్తూనే ఉన్నాను. నాలుగు నిమిషాలకోసారి రీసెంట్స్ (ఈమధ్య వాడిన యాప్‌ల వరస) తెరవడం, అక్కడున్న యాప్‌లన్నీ పైకి తోసెయ్యడం, కాసేపాగి మళ్ళీ అవే తెరవడం. ఎందుకలా అంటే "ఛార్జింగ్ నిలవట్లేదు పెదనాన్నా, ర్యామ్ కూడా ఎప్పుడు చూసినా నిండిపోయే ఉంటోంది" అన్నావు. అందరి ముందూ పాఠం మొదలుపెట్టడం ఇష్టంలేక ఊరుకున్నాను కానీ మనసు ఆగలేదు, ఎందుకంటే నేను ఫోన్లు బాగుచేసిన ఇన్నేళ్ళలో ఛార్జింగ్ దిగిపోతోందని వచ్చినవాళ్ళలో చాలామంది ఇదే పని చేస్తూ, దాంతో బ్యాటరీ మిగులుతుందని గట్టిగా నమ్మేవాళ్ళు.

మిగలదమ్మా. చాలాసార్లు ఇంకాస్త ఎక్కువే ఖర్చవుతుంది.

ర్యామ్ అంటే తెరిచిన యాప్‌లు తాత్కాలికంగా ఉండే మెమరీ. అది నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా తీసుకునే కరెంటు దాదాపు ఒకటే. అందులో ఏమున్నా లేకపోయినా ఆ చిప్‌ని ఫోన్ ఎప్పటికప్పుడు రిఫ్రెష్ చేస్తూనే ఉండాలి కాబట్టి, ఖాళీ చేసి నువ్వు ఆదా చేసేదేమీ లేదు. అసలు ఆండ్రాయిడ్ కావాలనే దాన్ని నింపిపెడుతుంది. నువ్వు ఒక యాప్‌లోంచి బయటికొచ్చినా దాన్ని మెమరీలోనే ఉంచుతుంది, మళ్ళీ తెరిచినప్పుడు వదిలిన చోటే కనిపించాలని. చోటు తగ్గినప్పుడు ముందు కొంత సరుకుని కుదించి అదే ర్యామ్‌లో సర్దుతుంది (దాన్ని జీర్యామ్ అంటారు), అదీ చాలకపోతే ఒక్కో యాప్‌కీ తను వేసుకున్న మార్కులు చూసి, నీ కళ్ళముందున్నదాన్నీ, పాట మోగిస్తున్నదాన్నీ వదిలేసి, ఎప్పుడో తెరిచి మర్చిపోయినదాన్ని ముందు తీసేస్తుంది. ఐఫోన్‌లోనూ అంతే. యాప్ వదిలిన కాసేపటికే దాన్ని ఉన్నదున్నట్టు ఆపేస్తుంది, ఇక దానికి ప్రాసెసర్ దక్కదు. కాబట్టి రీసెంట్స్‌లో బొమ్మ కనిపించినంత మాత్రాన ఆ యాప్ నడుస్తోందని కాదు, ఎప్పుడో మెమరీలోంచి పోయిన యాప్ బొమ్మ కూడా అక్కడ అలాగే ఉంటుంది.

నువ్వు దాన్ని తోసేశావనుకో, మళ్ళీ తెరిచినప్పుడు కోడ్ అంతా స్టోరేజ్ నుంచి తెచ్చుకుని, నెట్ కనెక్షన్ కొత్తగా కలుపుకుని, మొదటినుంచీ మొదలుపెట్టాలి. ఆ పనికి ప్రాసెసర్ గట్టిగా కష్టపడాలి, అదీ రోజుకి యాభైసార్లు. 2016లో ఈ ప్రశ్నే ఒకాయన మెయిల్‌లో అడిగితే ఐఫోన్ సాఫ్ట్‌వేర్ చూసే క్రెయిగ్ ఫెడరిగి అవసరం లేదని చెప్పాడు, ఆ రోజుల్లోనే ఆండ్రాయిడ్ చూసిన హిరోషి లాక్‌హైమర్ కూడా అదే మాట అన్నాడు. ఏదైనా యాప్ బిగుసుకుపోతే తోసెయ్, దారి చూపించే మ్యాప్ పని అయిపోయాక కూడా నడుస్తూ ఉంటే ఆపెయ్. అంతవరకే. నీ ఫోన్‌లో ర్యామ్ ఖాళీ చేస్తానంటూ ఆ ర్యామ్ బూస్టర్ యాప్ ఉందే, అది మాత్రం ఇవాళే తీసెయ్, ఎందుకంటే అది చేసేదీ నువ్వు చేస్తున్న ఇదే పని, కాకపోతే నీకు తెలియకుండా.

మరి ఛార్జింగ్ ఎటు పోతోంది? సెట్టింగ్స్‌లో బ్యాటరీ యూసేజ్ తెరిచి చూడు. చాలామందికి మొదటి ఖర్చు స్క్రీనే, బ్రైట్‌నెస్ కాస్త తగ్గిస్తే చాలు తేడా తెలుస్తుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట టవర్‌ని అందుకోవడానికి ఫోన్ ఎక్కువ పవర్‌తో అరుస్తూ ఉంటుంది, అప్పుడు జేబులో ఉన్నా బ్యాటరీ కరిగిపోతుంది. ఇవి కాక, నువ్వు పది నిమిషాలు కూడా వాడని యాప్ బ్యాక్‌గ్రౌండ్‌లో గంటల తరబడి కనిపించిందంటే అసలు దొంగ అదే. ఒకసారి నా ఫోన్‌లోనే రాత్రి ఎనిమిదింటికి నిండా ఉన్న ఛార్జింగ్ తెల్లారేసరికి సగానికి వచ్చేది. రెండు రోజులు వెతికితే తేలిందేమిటంటే, ఫొటోలు బ్యాకప్ చేసే యాప్ ఒకటి పాడైపోయిన వీడియోని ఎక్కించాలని రాత్రంతా ప్రయత్నిస్తూ ఫోన్‌ని నిద్రపోనివ్వలేదు. ఆ వీడియో తీసేశాను, మర్నాటికి అంతా మామూలే.

నిద్ర అన్నాను కదా, అసలు ఆదా అంతా అక్కడే ఉంది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి డోజ్ అని ఒకటుంది. ఫోన్‌ని కదపకుండా, స్క్రీన్ ఆఫ్‌లో వదిలేస్తే యాప్‌ల నెట్‌నీ పనుల్నీ ఆపి, అప్పుడప్పుడు మాత్రం అన్నిటికీ కలిపి కాస్త తలుపు తీస్తుంది. 2018లో ఆండ్రాయిడ్ 9 వచ్చాక నువ్వు అరుదుగా వాడే యాప్‌లకి ఆ అవకాశం ఇంకా తగ్గించింది.

కానీ ఈ పొదుపు హద్దు మీరితే ఏమవుతుందో మన ఇంట్లోనే చూశాం, ఇది మాత్రం జాగ్రత్తగా చదువు. మీ పెద్దమ్మ బీపీ మాత్ర గుర్తుచేసే యాప్ వరసగా మూడు రోజులు మోగలేదు. నాలుగో రోజు ఆవిడకి కళ్ళు తిరిగితే గానీ మాకు తెలియలేదు. ఆ ఫోన్ కంపెనీ తన సొంత బ్యాటరీ సేవర్‌తో ఆ యాప్‌ని మూసేస్తోంది, ఒక్క మాట కూడా చెప్పకుండా. కొన్ని ఫోన్లలో రీసెంట్స్‌లోంచి తోసేసినా ఇదే జరుగుతుంది, ఇక ఫోర్స్ స్టాప్ నొక్కితే నువ్వు మళ్ళీ తెరిచేదాకా ఆ యాప్ నోరెత్తదు. అందుకే మందులు, అలారం, షుగర్ కొలిచే యాప్, ఇలాంటివాటికి బ్యాటరీ సెట్టింగ్‌లో అన్‌రిస్ట్రిక్టెడ్ (అంటే ఏ అడ్డూ లేకుండా) పెట్టు. మీ అమ్మ ఫోన్‌లో కూడా నువ్వే పెట్టు, తనకి ఆ మెనూలు దొరకవు.

ఇంకొక్కటి. లిథియం బ్యాటరీకి వేడి పడదు. ఛార్జింగ్ పెట్టి దిండు కింద ఉంచకు, ఎండలో కారులో వదిలెయ్యకు. సున్నాకి వచ్చేదాకా ఆగడం పాతకాలం బ్యాటరీల అలవాటు, దీనికి అక్కర్లేదు. 80 శాతం దగ్గర ఆపే ఆప్షన్ నీ ఫోన్‌లో ఉంటే ఆన్ చెయ్. ఇంత చేసినా నిలవకపోతే బ్యాటరీ హెల్త్ చూడు. ఫోన్ కొని మూడేళ్ళు దాటింది కాబట్టి అది అరిగిపోయి ఉండొచ్చు, అప్పుడు బ్యాటరీ మార్చుకోవడం తప్ప ఏ సెట్టింగూ పనిచెయ్యదు.

రేపంతా ఒక్క యాప్ కూడా తోసెయ్యకుండా వాడు. రాత్రి ఛార్జింగ్ పెట్టేముందు ఆ బ్యాటరీ యూసేజ్ పేజీ స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపు, కింద దాకా కనిపించేలా. అందులో ఏది ఎక్కువ తింటోందో చూసి చెబుతాను.

మీ పెదనాన్న