‘చార్జ్’కి తెలుగేమిటి?

సందేహం: అనువాదం చేస్తున్నప్పుడు ‘చార్జ్’ దగ్గర తరచూ ఆగిపోతున్నాను. ఒకచోట రుసుము, ఒకచోట అభియోగం, ఇంకోచోట బాధ్యత, మరోచోట విద్యుత్తు. వీటికి ఒకదానితో ఒకదానికి సంబంధం ఉందా? అన్నిచోట్లా సరిపోయే తెలుగు మాట ఉందా? చార్జ్, చార్జి, చార్జీ – వీటిలో ఏది సరైన రూపం?

సమాధానం: అన్నిచోట్లా ఇమిడే ఒక్క మాట లేదు, దానికోసం వెతకనక్కరలేదు కూడా. సంబంధం మాత్రం ఉంది. లాటిన్‌లో ‘కార్రుస్’ అంటే బండి. దాన్నుంచి పుట్టిన క్రియకు బండికి సరుకెత్తడం అని అర్థం. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి ‘చార్జ్’గా వచ్చింది. ‘కార్గో’, ‘క్యారీ’ కూడా ఆ కుదురులోవే. కాబట్టి అసలు అర్థం బరువెక్కించడం. డబ్బు బరువైతే రుసుము, నేరం బరువైతే అభియోగం, పని బరువైతే బాధ్యత. ఈ ఊహ మనకూ కొత్తది కాదు. పన్నుల భారం మోపారంటాం, నేరం మోపారంటాం, బాధ్యత నెత్తిన పెట్టారంటాం.

అనువాదంలో ఎక్కువ తప్పులు దొర్లేది నేరం విషయంలోనే. ఫిర్యాదులో ఉండేవి ఆరోపణలు. దర్యాప్తు ముగించి పోలీసులు కోర్టుకు ఇచ్చేది అభియోగపత్రం, అంటే చార్జిషీటు. దీనికి ఇప్పుడు ఆధారం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్. 2024 జులై 1కి ముందు నేర విచారణ స్మృతి 173వ సెక్షన్. ఆ తర్వాత, విచారణ జరపడానికి తగిన ఆధారం ఉందనుకుంటే కోర్టు అభియోగాలు రూపొందిస్తుంది. ఈ దశను ‘కోర్టు అభియోగాలను నిర్ధారించింది’ అని రాస్తే నేరం రుజువైపోయిందని పాఠకుడు అనుకుంటాడు. నిజానికి సాక్షుల విచారణ అప్పటికి మొదలే కాలేదు. ‘అభియోగాలు రూపొందించింది’ అనడమే క్షేమం. కేసు నమోదైన రోజునే ‘అభియోగం మోపారు’ అనడం కూడా తొందరపాటే. ఒక మనిషి పరువు ఈ మాటల మీద ఆధారపడి ఉంటుంది కనుక ఇక్కడ అజాగ్రత్తగా ఉండకూడదు.

ఇంగ్లీషులో రాసేవారు విభక్తి దగ్గర జాగ్రత్తపడాలి. అభియోగానికి ‘చార్జ్‌డ్ విత్’, ఆరోపణకు ‘అక్యూజ్‌డ్ ఆఫ్’. ‘చార్జ్‌డ్ ఫర్’ అన్నామంటే సాధారణంగా దేనికో డబ్బు తీసుకున్నారని అర్థం.

బాధ్యత అన్న అర్థంలో ‘ద’ అనే చిన్నమాట వాక్యాన్ని తలకిందులు చేస్తుంది. ‘ఇన్ చార్జ్ ఆఫ్ ద చైల్డ్’ అంటే బిడ్డ బాధ్యత చూస్తున్న మనిషి. ‘ఇన్ ద చార్జ్ ఆఫ్ ద నర్స్’ అంటే నర్సు సంరక్షణలో ఉన్న బిడ్డ. తెలుగు వాడుకలో ‘ఇన్‌చార్జి’కి తాత్కాలికంగా చూస్తున్నవారు అన్న ఛాయ కూడా చేరింది. మూలంలో ఆ అర్థం లేనప్పుడు ‘బాధ్యులు’ అనండి. ‘చార్జి తీసుకున్నారు’ అన్నదానికి ‘బాధ్యతలు స్వీకరించారు’ చక్కగా స్థిరపడింది.

తుపాకిలో మందు దట్టించడం కూడా చార్జ్ చేయడమే. 18వ శతాబ్దంలో లైడెన్ జాడీల్లో (విద్యుత్తును నిలవచేసే గాజు పాత్రల్లో) విద్యుత్తు నింపే ప్రయోగాల గురించి రాస్తూ అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఈ మాట వాడాడు. భౌతికశాస్త్రంలో దీనికి తెలుగు ఆవేశం: ప్రోటాన్‌ది ధనావేశం, ఎలక్ట్రాన్‌ది రుణావేశం, ప్రమాణం కూలుంబు. అలాగని ‘ఫోన్‌లో ఆవేశం అయిపోయింది’ అనలేం. అది నవ్వులాటగా ఉండటమే కాదు, శాస్త్రపరంగానూ తప్పే. బ్యాటరీలో నిలవ ఉండేది రసాయన రూపంలోని శక్తి. నిండినా ఖాళీ అయినా మొత్తమ్మీద బ్యాటరీ విద్యుత్‌పరంగా తటస్థంగానే ఉంటుంది. ఇక్కడ ‘చార్జింగ్’ను అలాగే ఉంచడం మేలు.

లాఠీచార్జిలో ఉన్నది మీదికి దూసుకెళ్లడం అన్న అర్థం. లాఠీచార్జి అందరికీ తెలిసిన మాటే, మార్చక్కరలేదు.

ఆస్తి పత్రాల్లో ‘చార్జ్’ కనిపిస్తే తాకట్టు అని రాసేస్తుంటారు. ఆస్తి బదిలీ చట్టం (1882) 58వ సెక్షన్‌లోని తాకట్టులో ఆస్తిపై కొంత హక్కు అప్పిచ్చినవారికి బదిలీ అవుతుంది. 100వ సెక్షన్ చెప్పే చార్జ్‌లో ఆ బదిలీ ఉండదు, బాకీకి ఆ ఆస్తి హామీగా మాత్రమే ఉంటుంది. ‘ఆస్తిపై చార్జి (భారం)’ అని రాయండి.

ఇక రూపం సంగతి. చ, జ ధ్వనులతో ముగిసే ఇంగ్లీషు మాటల చివర తెలుగు నాలుక ఇకారాన్ని చేరుస్తుంది: బెంచి, బ్రిడ్జి, కాలేజీ. కనుక చార్జి తెలుగుకు సహజమైన రూపం. డబ్బు విషయంలో దీర్ఘంతో ‘చార్జీ’, బహువచనంలో ‘చార్జీలు’ స్థిరపడ్డాయి. బస్సు చార్జీలు, కరెంటు చార్జీలు అందరూ అనేవే. బాధ్యత అర్థంలో హ్రస్వం, డబ్బు అర్థంలో దీర్ఘం – వాడుక తనంతట తాను చేసుకున్న ఈ విభజనను నిలుపుకోవడం మంచిది. హలంతమైన (చివర అచ్చు లేని) ‘చార్జ్’ను ఇంగ్లీషు మాటగా చర్చించేటప్పుడు, ‘చార్జ్ చేయడం’ అన్నప్పుడు వాడుకోవచ్చు. అయితే డబ్బుకు ‘చార్జ్ చేస్తారు’ కన్నా ‘వసూలు చేస్తారు’, ‘తీసుకుంటారు’ ఎప్పుడూ మెరుగు.