జమార్ చేజ్ ఏడాది ఆట మానేసినా ఎలా నిలదొక్కుకున్నాడు?

చేజ్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో వైడ్ రిసీవర్, అంటే పరిగెత్తి పాసులు అందుకునే ఆటగాడు. 2019లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ) కాలేజీ జట్టు తరఫున క్యాచ్‌లతో 1,780 గజాలు, 20 టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించి చేసే స్కోర్లు) కొట్టాడు. కోవిడ్ కారణంగా 2020 సీజన్ మొత్తం వదులుకున్నాడు. అయినా ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే 2021 డ్రాఫ్ట్‌లో సిన్సినాటి బెంగాల్స్ జట్టు అతన్ని ఐదో ఎంపికగా తీసుకుంది. సీజన్‌కు ముందు జరిగే సన్నాహక మ్యాచ్‌ల్లో (ప్రీసీజన్) వరసగా బంతులు జారవిడిచాడు. కాలేజీ బంతి మీదుండే తెల్ల చారలు ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ బంతికి ఉండవు, అందుకే కంటికి ఆనడం లేదన్నాడు. జనం నవ్వారు. అసలు ఆట మొదలయ్యాక ఆ నవ్వులు ఆగిపోయాయి: తొలి సీజన్‌లోనే 1,455 గజాలు, కాన్సాస్ సిటీ చీఫ్స్ జట్టు మీద ఒక్క మ్యాచ్‌లో 266.

నన్నడిగితే సగం బలం అతనికి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ జో బరోదే. ఇద్దరూ కాలేజీ జోడీ కదా, చేజ్ ఎటు పరిగెడతాడో బరోకి ముందే తెలుసు. 2024లో క్యాచ్‌లు (127), గజాలు (1,708), టచ్‌డౌన్లు (17) మూడింట్లోనూ లీగ్‌లో చేజే ఫస్ట్. 2025లో నాలుగేళ్లకు 16.1 కోట్ల డాలర్ల ఒప్పందం దక్కింది.