పెద్దవాళ్ల చిన్ననాటి కబుర్లు రాబట్టడం ఎలా? ముందు ఇంటి పటం గీయించండి

తాతగారి తరంలో తొమ్మిదిమంది తోబుట్టువులకు ఇప్పుడు నలుగురే మిగిలారని, చిన్నప్పటి సంగతులు రికార్డు చేద్దామంటే "ఏముంది చెప్పడానికి, అన్నీ కష్టాలే" అని తేల్చేస్తున్నారని ఒకరు రాశారు. "మీ చిన్నతనం గురించి చెప్పండి" అని అడిగితే ఎవరైనా అదే అంటారు. కథ అడక్కండి, ఇల్లు అడగండి.

ఒక పెద్ద డ్రాయింగ్ షీటు పరిచి, వాళ్లు పెరిగిన ఇంటి పటం గీయమనండి. చెయ్యి వణికితే మీరే గీయండి. కాస్త తప్పుగా గీసినా మంచిదే, "నుయ్యి అక్కడెక్కడిది, వంటింటి వెనకాల" అంటూ పెన్సిలు లాక్కుంటారు. అరుగు, సావిడి, మండువా (ఇంటి మధ్య పైకప్పు లేని చోటు), గాదె, గొడ్లపాక అన్నీ పెట్టించండి. తెలంగాణ వాళ్లు గదిని అర్ర, తలుపును దర్వాజ అంటే అలాగే రాయండి, దిద్దకండి. ఆ తర్వాత ఒక్కో చోటునీ పట్టుకుని అడగాలి. రాత్రి ఎవరి పక్క ఎక్కడ? మండువాలోకి జల్లు కొడితే పక్కలు ఎటు జరిపేవారు? పొద్దున చద్దన్నం ముద్దలు కలిపి పెట్టేదెవరు, ఊరగాయ జాడీ ఎవరి అధీనంలో ఉండేది? బడిలో వేసే శిక్ష గోడకుర్చీయా, కోదండమా? ఒక పూటకు రెండు గదులు చాలు. ముప్పావు గంట దాటితే అలసిపోయి, ముక్తసరిగా చెప్పడం మొదలుపెడతారు.

అసలు చిక్కంతా వరసలతోనే. "మావయ్య చెట్టెక్కించాడు" అంటే ఆ మావయ్య చెబుతున్న ఆవిడకు మావయ్య, మీకు కాదు. మేనరికాలున్న ఇంట్లో ఒకే మనిషి రెండు వరసలవుతాడు. తాత పేరే మనవడికి పెడతారు కాబట్టి ఒకే పేరు తరం విడిచి తరం కనబడుతుంది. అందుకే ప్రతి మనిషికీ అసలు పేరు, ఇంట్లో పిలిచే పేరు, చెప్పేవారికి ఏమవుతారు అన్న మూడూ రాయండి. ఆడవాళ్ల పుట్టింటి ఇంటిపేరు తప్పకుండా అడగాలి, ముందు జారిపోయేది అదే. దత్తత వెళ్లినవారికి రెండు ఇంటిపేర్లూ రాయాలి.

పిల్లలు ఎంతమంది అంటే బతికినవాళ్లనే లెక్క చెబుతారు. "మీకూ తమ్ముడికీ మధ్య ఇంకెవరైనా పుట్టారా?" అని అడగండి. వంశంలో పెంటయ్య, పుల్లయ్య, పిచ్చయ్య లాంటి పేరుంటే ఆగి ఆరా తీయండి. ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే, బిడ్డను పెంటకుప్ప మీదో ఎంగిలి విస్తరిలోనో పడుకోబెట్టి తీసుకుని అలాంటి పేరు పెట్టడం మనలో ఆనవాయితీ. ఆ పేరు వెనక ఒకరిద్దరు పసివాళ్లు ఉండొచ్చు.

సంవత్సరాలు అడిగితే తప్పులొస్తాయి. బడి రికార్డుల్లో పుట్టినరోజులు చాలావరకు మాష్టారు వేసుకున్నవే, జూలై 1 కనిపిస్తే నమ్మకండి. "గాంధీగారు పోయినప్పుడు నువ్వు బడికి వెళ్తున్నావా?" (1948 జనవరి), పోలీసు చర్య (1948 సెప్టెంబరు), గోదావరి పెద్ద వరద (1953 ఆగస్టు), అణాల బదులు కొత్త పైసలు రావడం (1957 ఏప్రిల్ 1), ఇలా అడగండి. వాళ్లలో చిన్నవాళ్లకైతే అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందన్న పుకారు (1979 జూలై) బాగా గుర్తుంటుంది. కానీ, బేడ అనే పాత నాణేలు చెల్లాయంటే 1957కు ముందూ ఆ దగ్గరలోనూ అనుకోవచ్చు. పావలా మాట మాత్రం దేనికీ సాక్ష్యం కాదు, తర్వాత కూడా వాడారు. "విరోధి నామ సంవత్సరంలో పుట్టాను" అంటే 1949-50. ఆ సంవత్సరం చివర్లో, జనవరికీ తర్వాతి ఉగాదికీ మధ్య పుట్టినవారైతే 1950 అవుతుంది, ఇక్కడే ఒక ఏడాది తేడా వచ్చేస్తుంది.

అన్నదమ్ముల్ని మొదట విడివిడిగా కూర్చోబెట్టండి, తర్వాత కలిపి. మొదటే కలిపితే పెద్దాయన చెప్పిందే అందరి జ్ఞాపకమైపోతుంది. భార్యను అడుగుతుంటే భర్త జవాబిచ్చే ఇళ్లు కొల్లలు. ఆయనకు పేపరిచ్చి అరుగు మీదికి పంపించండి.

ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాలు మీద మూరెడు దూరంలో ఉంచండి. నేరుగా బల్ల మీద పెడితే గ్లాసు పెట్టిన ప్రతి చప్పుడూ పడుతుంది. ఫ్యాను ఆపండి, కుక్కరు దింపేశాకే మొదలుపెట్టండి. ఒక నిమిషం రికార్డు చేసి వినండి. వాళ్లు కట్టుడుపళ్లు తీసేసి ఉంటే పెట్టుకోమనండి, లేకపోతే తర్వాత సగం మాటలు అర్థం కావు. పాత ఫొటోలు ఆల్బమ్‌కు అతుక్కుని ఉంటే పీకొద్దు, కిటికీ వెలుగులో ఫ్లాష్ లేకుండా తీయండి. విడిగా ఉన్నవాటి వెనక వైపూ తీయాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పోతుంది, డాక్యుమెంటుగా పంపండి.

ఆస్తి పంపకాలు, రెండో పెళ్లిళ్ల ఊసు వస్తే రికార్డింగ్ ఆపమంటారా అని అడగండి. అలాంటివి ఫ్యామిలీ గ్రూపులో పెట్టారో, మిగతా ముగ్గురూ నోరు విప్పరు.

రాసింది పెద్ద అక్షరాల్లో, రెండు వైపులా బాగా ఖాళీ వదిలి ప్రింటు తీసి, వాళ్ల చేతికే పెన్ను ఇవ్వండి. చూపు ఆనని వాళ్లకు చదివి వినిపించండి. "ఇది నేను చెప్పలేదు" అన్నచోట వాదించకుండా, వాళ్లు చెప్పింది పక్కన రాసుకోండి.